ఒక్క "రాలేదు"కి ఇంగ్లీషులో ఎన్ని రూపాలు: కమ్ అనే వెర్బ్‌ని హ్యావెంట్, హ్యాడెంట్‌లతో వాడటం

"వాడు రాలేదు" అన్న ముక్క ఇంగ్లీషులో చెప్పమంటే మనం క్షణం ఆగకుండా "హి డిడెంట్ కమ్" అనేస్తాం. అది తప్పు మాటేం కాదు, కాకపోతే అన్నిచోట్లా అతకదు. ఇంకా వాడికోసం చూస్తూనే ఉంటే "హి హ్యాజెంట్ కమ్" అనాలి, ఎప్పుడో జరిగిన సంగతి చెప్తూ అప్పటికింకా రాలేదు అనాలంటే "హి హ్యాడెంట్ కమ్", రేపు ఎనిమిదింటికల్లా వచ్చుండడు అనాలంటే "హి వోంట్ హ్యావ్ కమ్". గ్రామర్ పుస్తకంలో ఇవి ప్రెజెంట్ పర్ఫెక్ట్, పాస్ట్ పర్ఫెక్ట్, ఫ్యూచర్ పర్ఫెక్ట్ అని మూడు గడుల్లో పద్ధతిగా కూర్చుని ఉంటాయి, అందరం బట్టీ పట్టాం, పరీక్ష రాశాం, తీరా నోరు తెరిస్తే మళ్ళీ డిడెంటే వస్తుంది. ఎందుకు అలా వస్తుందో పట్టుకుంటే మిగతాది సులువే.

తప్పు మన బుర్రది కాదు, "లేదు" అనే మాటది. వచ్చినప్పుడు ఎంత వివరంగా చెప్తామో చూడండి: వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది, వచ్చారు. ఎవరొచ్చారో క్రియ చివర్లోనే తెలిసిపోతుంది. రాకపోతే? నేను రాలేదు, నువ్వు రాలేదు, వాడు రాలేదు, వాళ్ళు రాలేదు, అంతా ఒకటే రాలేదు. ఎవరు అన్నది పోయింది. పోనీ ఎప్పుడు అన్నదైనా ఉందా అంటే అదీ లేదు, నిన్న రాలేదు, ఇంకా రాలేదు, నేను వెళ్ళేసరికి రాలేదు, మూడు చోట్లా అదే మాట. ఇంగ్లీషు మాత్రం కాదు అని చెప్పేటప్పుడు కూడా ఎప్పుడు అన్నది వదలదు, హ్యావెంట్, హ్యాజెంట్ దగ్గరైతే ఎవరు అన్నది కూడా వదలదు. అందుకని మనం "రాలేదు" అనే మాటని పట్టుకుని దానికి ఇంగ్లీషు వెతికితే దొరకదు, దాని పక్కనున్న మాటని చూడాలి. నిన్న, ఇంకా, వెళ్ళేసరికి, నుంచి... టెన్స్ మొత్తం ఆ పక్క మాటలోనే దాక్కుని ఉంటుంది. నేను చెప్పదల్చుకుంది నిజానికి ఇదొక్కటే, మిగతావన్నీ దీనికి కొమ్మలు.

ముందు రూపం సంగతి తేల్చేద్దాం, ఇది చిన్నదే. కమ్, కేమ్, కమ్. మొదటిదీ మూడోదీ ఒకటే. హ్యావ్, హ్యాజ్, హ్యాడ్ తర్వాత వచ్చేది మూడోది, కాబట్టి అక్కడ ఎప్పుడూ కమ్. "హ్యాజ్ నాట్ కేమ్" అన్నది చాలామంది నోట వింటాను, పాస్ట్ కదా అని కేమ్ పెట్టేస్తారు, కానీ పాస్ట్ బరువు మోసే పని హ్యాజ్ ఎప్పుడో తీసేసుకుంది. "డిడెంట్ కేమ్" కూడా ఇదే జబ్బు, డిడ్ అన్నాక ఇంక కేమ్‌కి పనేం లేదు. ఇలా మొదటిదీ మూడోదీ ఒకటై నడిమిది మాత్రం మారే వెర్బ్స్ ఇంగ్లీషులో చాలా తక్కువ, రన్, రాన్, రన్ ఒకటి, బికమ్, ఓవర్‌కమ్ ఎలాగూ కమ్ పిల్లలే. పాత ఇంగ్లీషులో దీని మూడో రూపం కుమెన్ అని ఉండేది, గివెన్, టేకెన్ లాగా చివర్లో ఎన్‌తో, తర్వాత ఆ తోక రాలిపోయింది. ఆ తోక ఉండుంటే మనకీ గొడవ ఉండేది కాదు.

ఇక హ్యావా, హ్యాజా. హి, షి, ఇట్‌కి, ఒక్క మనిషికి, ఒక్క వస్తువుకి హ్యాజెంట్, ఐ, యూతో సహా మిగతా అందరికీ హ్యావెంట్. ఇది ఆరో తరగతి పిల్లలకి కూడా తెలుసు, అయినా "హి హ్యావ్ నాట్ కమ్" అని పెద్దపెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళు కూడా అంటారు, కారణం పైన చెప్పిందే, మన రాలేదుకి మనిషిని బట్టి మారే అలవాటు లేదు కాబట్టి నోరు ఒక్కటే పట్టుకుని దాన్నే అందరికీ వాడేస్తుంది. దీనికి తోడు మనకి గౌరవం ఒకటి. సార్ వచ్చారు అని బహువచనంలో అంటాం కదా, ఆ ఊపులో "సార్ హ్యావ్ నాట్ కమ్" అని వచ్చేస్తుంది. ఎంత పెద్దాయనైనా ఇంగ్లీషులో ఒక్కడే, "సార్ హ్యాజెంట్ కమ్ యెట్". హ్యాడెంట్‌కి మాత్రం ఈ బాధ లేదు, అందరికీ ఒకటే, అచ్చం మన రాలేదులాగే.

ఇప్పుడు అసలు సంగతి, "ఇంకా". పక్కన ఇంకా అన్న మాట ఉన్నా, పైకి అనకపోయినా మనసులో ఉన్నా అది హ్యావెంట్ లేదా హ్యాజెంట్. బస్సు కోసం నిలబడి ఉన్నారు, ఇంట్లోంచి ఫోన్ వచ్చింది, "బస్సు రాలేదు" అన్నారు. ఇంకా అనలేదు, కానీ ఉంది, ఎందుకంటే మీరు ఇంకా స్టాపులోనే ఉన్నారు, వస్తుందనే చూస్తున్నారు. "ద బస్ హ్యాజెంట్ కమ్." అదే మర్నాడు ఆఫీసులో ఎందుకు లేటయ్యావని అడిగితే "బస్సు రాలేదు" అంటారు, అదే మాట, ఒక్క అక్షరం మారలేదు, కానీ ఇప్పుడు ఎదురుచూపు అయిపోయింది, తలుపు మూసేశాం. "ద బస్ డిడెంట్ కమ్." అంటే తేడా బస్సులో లేదు, చూసే మనిషిలో ఉంది, ఇంకా వస్తుందన్న ఆశో బెంగో మిగిలుంటే హ్యాజెంట్, ఆ కథ ముగిసిపోతే డిడెంట్. నాకైతే గ్రామర్ పుస్తకాల్లో చెప్పే "గతంలో జరిగి వర్తమానంతో సంబంధం" అన్న నిర్వచనం కన్నా ఈ తలుపు తెరిచుందా మూసిందా అన్న ప్రశ్నే పనికొచ్చింది.

దీని వల్లే నిన్న, పోయిన వారం, 2019లో లాంటి అయిపోయిన టైముల పక్కన హ్యాజెంట్ పెట్టకూడదు అంటారు. "యెస్టర్డే హి హ్యాజెంట్ కమ్" అనకూడదు, నిన్న తలుపు నిన్ననే మూసుకుపోయింది. ఈ రోజు, ఈ వారం, ఈ నెల అన్నవి ఇంకా తెరిచే ఉన్నాయి కాబట్టి "హి హ్యాజెంట్ కమ్ దిస్ వీక్" బాగుంది. ఇవాళ పొద్దున అన్నది మాత్రం సరదా కేసు, "వాడు పొద్దున రాలేదు" అని పదింటికి అంటే ఇంకా పొద్దునే కాబట్టి "హి హ్యాజెంట్ కమ్ దిస్ మార్నింగ్", అదే మాట సాయంత్రం నాలుగింటికి అంటే "హి డిడెంట్ కమ్ దిస్ మార్నింగ్". గడియారం తిరిగితే టెన్స్ తిరుగుతుంది. అమెరికా వాళ్ళు మామూలు మాటల్లో "హి డిడెంట్ కమ్ యెట్" అని కూడా అంటారు, అది విని మీరు కంగారు పడకండి, వాళ్ళని దిద్దనూ దిద్దకండి, పరీక్షలోనూ ఆఫీసు మెయిల్‌లోనూ మాత్రం యెట్ ఉంటే హ్యాజెంటే పెట్టండి, ఎక్కడా ఎవరూ వేలెత్తి చూపరు.

యెట్ ఎక్కడ పెట్టాలి, స్టిల్ ఎక్కడ పెట్టాలి అన్నది కూడా ఇక్కడే చెప్పేస్తా. మామూలుగా "ఇంకా రాలేదు" అంటే "హి హ్యాజెంట్ కమ్ యెట్", యెట్ చివర్లో. విసుగొచ్చి "ఇంకా రాలేదేంటి వీడు!" అంటే "హి స్టిల్ హ్యాజెంట్ కమ్", స్టిల్ అన్నది హ్యాజెంట్‌కి ముందు. మనం "ఏంటి" అని సాగదీసి చూపించే చిరాకంతా వాళ్ళు ఆ స్టిల్‌ని ఒత్తి పలకడంలో చూపిస్తారు. "హ్యాజెంట్ స్టిల్ కమ్" అని మధ్యలో ఇరికించడం మన దగ్గర బాగా ఉంది, అది వద్దు.

తర్వాతది "నుంచి", ఇక్కడ మనవాళ్ళు పడ్డంతగా ఇంకెక్కడా పడరు. మనకి సోమవారం నుంచీ నుంచే, మూడు రోజుల నుంచీ నుంచే. ఇంగ్లీషుకి ఇవి రెండు వేరు. మొదలైన చోటు చెప్తే సిన్స్, ఎంతకాలమో కొలత చెప్తే ఫర్. "హి హ్యాజెంట్ కమ్ సిన్స్ మండే", "హి హ్యాజెంట్ కమ్ ఫర్ త్రీ డేస్". "సిన్స్ త్రీ డేస్" అన్నది మన నుంచికి అచ్చుగుద్దిన అనువాదం. గుర్తు పెట్టుకోడానికి నేను చేసే పని ఏంటంటే, ఆ మాటని క్యాలెండర్ మీద వేలు పెట్టి చూపించగలనా అని అడుగుతా, సోమవారాన్ని చూపించగలను కాబట్టి సిన్స్, మూడు రోజులు అన్నదాన్ని వేలితో చూపించలేను, లెక్కపెట్టగలను అంతే, కాబట్టి ఫర్.

ఈ నుంచితోనే ఇంకో మెలిక ఉంది. "మూడు రోజుల నుంచి రాలేదు" అంటాం, "మూడు రోజుల నుంచి రావట్లేదు" అని కూడా అంటాం. రెండోది విని "హి ఈజ్ నాట్ కమింగ్ ఫర్ త్రీ డేస్" అని రాస్తారు చాలామంది, అది వినేవాడికి ఇకముందు మూడు రోజులు రాడని అర్థమవుతుంది! జరిగిపోయిన మూడు రోజులు రాబోయే మూడు రోజులైపోయాయి, లీవు లెక్క మొత్తం తారుమారు. రావట్లేదు పక్కన నుంచి ఉంటే అది "హి హ్యాజెంట్ బీన్ కమింగ్". రోజూ వచ్చే మనిషి, రావాల్సిన అలవాటున్న మనిషి రావడం మానేస్తే ఈ బీన్ కమింగ్ బాగా అతుకుతుంది, "షి హ్యాజెంట్ బీన్ కమింగ్ టు క్లాస్ లేట్లీ", ఈ మధ్య క్లాసుకి రావట్లేదు. ఒక్కసారి రావాల్సిన పార్సెల్‌కి మాత్రం బీన్ కమింగ్ వాడొద్దు, పార్సెల్‌కి రోజూ వచ్చే అలవాటు లేదుగా. అక్కడ మామూలు హ్యాజెంట్ కమ్ చాలు.

ఇంకోటి, ఇది నాకు భలే ఇష్టమైనది. "నువ్వు మా ఇంటికి రాక ఎన్నాళ్ళైంది!" అంటాం మనం. రాక అంటే రాకుండా. లెక్కపెడుతున్నది రాని రోజుల్ని. ఇంగ్లీషు వాడు అదే సంగతి చెప్పేటప్పుడు కాదు అన్న మాటే తీసేసి చివరిసారి వచ్చిన రోజు నుంచి లెక్కపెడతాడు, "ఇట్స్ బీన్ మంత్స్ సిన్స్ యూ లాస్ట్ కేమ్". ఇక్కడ మన రాకని చూసి "సిన్స్ యూ డిడెంట్ కమ్" అని పెడితే అర్థం గల్లంతు. ఈ సిన్స్ తర్వాత కాదు అన్నది ఉండదు, కేమ్ ఉంటుంది. కాదు అని చెప్పి తీరాలనుంటే వాక్యం తిరగేసి "యూ హ్యావెంట్ కమ్ ఫర్ మంత్స్" అనండి. రెండూ మంచివే, కలపకండి అంతే.

హ్యాడెంట్‌కి వద్దాం. స్కూల్లో గైడు పుస్తకాలు దీన్ని "అతడు వచ్చియుండలేదు" అని తెలుగు చేసేవి, ఆ తెలుగు ఏ మనిషీ ఏ రోజూ మాట్లాడింది కాదు, అందుకే హ్యాడ్ నాట్ అంటే ఏదో రాతలో వాడే పెద్ద మాట అన్న భావం పడిపోయింది. ఫలితం ఏంటంటే అవసరమైన చోట వాడం, అక్కర్లేని చోట మర్యాద కోసం వాడతాం. "ఐ హ్యాడ్ నాట్ కమ్ టు ఆఫీస్ యెస్టర్డే" అని లీవు లెటర్లు ఎన్ని చూశానో. నిన్న రాలేదు, అంతే కదా, "ఐ డిడెంట్ కమ్ టు ఆఫీస్ యెస్టర్డే". హ్యాడ్‌లో మర్యాద ఏం లేదు.

హ్యాడెంట్‌కి కావాల్సింది ఒక్కటే, గతంలో ఇంకో సంగతి. కథలో ఒక గడియ దగ్గర ఆగి, ఆ గడియకి ఇంకా జరగలేదు అని చెప్పడం. తెలుగులో దీనికి గుర్తు "అప్పటికి", "వెళ్ళేసరికి", "చేసేటప్పటికి" లాంటి మాటలు. "నేను ఇంటికెళ్ళేసరికి వాడు రాలేదు", "వెన్ ఐ గాట్ హోమ్, హి హ్యాడెంట్ కమ్ యెట్". వచ్చాడా తర్వాత? వచ్చుండొచ్చు, అది వేరే సంగతి, ఆ గడియకైతే లేదు.

ఇక్కడ కొంచెం దగ్గరగా చూడాల్సిన జత ఒకటుంది. "నేను పిలిచినప్పుడు వాడు రాలేదు", "నేను ఫోన్ చేసేటప్పటికి వాడు రాలేదు". తెలుగులో రెండింట్లో రాలేదు ఒకటే కదా, ఇంగ్లీషులో కాల్డ్ అనే మాట కూడా రెండింటికీ సరిపోతుంది, పిలవడానికీ, ఫోన్‌కీ. "వెన్ ఐ కాల్డ్, హి డిడెంట్ కమ్" అంటే పిలిచాను, విన్నాడు, రాలేదు, మొండికేశాడు. "వెన్ ఐ కాల్డ్, హి హ్యాడెంట్ కమ్" అంటే నేను ఫోన్ చేసిన టైముకి ఇంకా చేరలేదు, పాపం వాడి తప్పేం లేదు. డిడెంట్ హ్యాడెంట్ ఈ రెండు మాటల మధ్య ఒక మనిషి మీద నేరం ఉండటం ఉండకపోవడం ఉంది. ఒకదాని బదులు ఇంకోటి వాడి "అర్థమైతే చాల్లే" అనుకునేవాళ్ళకి నేను ఈ జతే చూపిస్తా.

ఇఫ్‌తో కూడా హ్యాడెంట్ వస్తుంది, "నువ్వు రాకపోయుంటే మేం చిక్కుల్లో పడేవాళ్ళం". నిజానికి నువ్వొచ్చావు. "ఇఫ్ యూ హ్యాడెంట్ కమ్, వి వుడ్ హ్యావ్ బీన్ ఇన్ ట్రబుల్". మన రాకపోయుంటేలో ఆ "ఉంటే" ఉంది చూశారా, అదే ఇక్కడ హ్యాడ్ పని చేస్తుంది. ఉట్టి రాకపోతే అంటే "ఇఫ్ యూ డోంట్ కమ్", ఇకముందు సంగతి. ఇఫ్ ఉన్న ముక్కలో వుడ్ పెట్టి "ఇఫ్ యూ వుడ్ నాట్ హ్యావ్ కమ్" అనడం వినిపిస్తుంటుంది, వుడ్ రెండో ముక్కకే వదిలేయండి.

వోంట్ హ్యావ్ కమ్ అన్నది అందరూ భయపడతారు గానీ మనకి అన్నిటికంటే తేలిక ఇదే, ఎందుకంటే తెలుగులో దీనికి అచ్చంగా మాట ఉంది, వచ్చుండడు. "ఎనిమిదింటికి చేస్తే నేను వచ్చుండను, తొమ్మిదికి చెయ్యి", "ఇఫ్ యూ కాల్ ఎట్ ఎయిట్, ఐ వోంట్ హ్యావ్ కమ్, కాల్ ఎట్ నైన్". ఇంకా చిత్రమేంటంటే వచ్చుండడు అన్నది మనం రేపటికే కాదు, ఇప్పటి ఊహకి కూడా వాడతాం, "ఇప్పుడు వెళ్ళినా లాభం లేదు, వాడింకా వచ్చుండడు". ఇంగ్లీషూ అంతే, "హి వోంట్ హ్యావ్ కమ్ యెట్" అన్నది ఇప్పుడు అక్కడేం జరుగుతుందో ఊహించి చెప్పడానికీ పనికొస్తుంది. రెండు భాషలూ ఇలా ఒకే చోట ఒకే రెండు అర్థాలతో కలవడం అరుదు, దొరికింది కాబట్టి వాడుకోండి. ఒక్క జాగ్రత్త, వోంట్ తర్వాత ఎప్పుడూ హ్యావే, హి అయినా షి అయినా "వోంట్ హ్యాజ్" అన్నది లేదు. ఇదే బాటలో వచ్చుండకపోవచ్చు అంటే "మే నాట్ హ్యావ్ కమ్", రాకుండా ఉండాల్సింది అంటే "షుడెంట్ హ్యావ్ కమ్", అన్నిట్లో హ్యావ్ కమ్ కదలదు, ముందు మాట ఒక్కటే మారుతుంది.

ఇప్పుడు "ఎవరూ రాలేదు". తెలుగు దీన్ని ఎవరూ అని మొదలుపెట్టి లేదు అని చివర్లో కాదంటుంది. ఇంగ్లీషులో "నో వన్" అన్న దగ్గరే కాదనడం అయిపోయింది, మళ్ళీ హ్యాజెంట్ పెడితే రెండు కాదులు కలిసి అవునైపోతుంది, "నో వన్ హ్యాజెంట్ కమ్" అంటే లెక్క ప్రకారం రానివాళ్ళు ఎవరూ లేరు, అందరూ వచ్చేశారు! కాబట్టి "నో వన్ హ్యాజ్ కమ్". "ఎనీవన్ హ్యాజెంట్ కమ్" కూడా నడవదు, ఎనీవన్ అలా "కాదు" అనే మాటకి ముందు కూర్చోదు. ఎప్పుడూ రాలేదు అన్నదీ ఇంతే, "హి హ్యాజ్ నెవర్ కమ్", నెవర్ ఉందంటే నాట్ వద్దు. ఇద్దరిలో ఎవరూ రాలేదు అంటే "నైదర్ ఆఫ్ దెమ్ హ్యాజ్ కమ్". ఒక వాక్యానికి ఒక్క "కాదు" చాలు, దాన్ని ఎక్కడ పెట్టాలో ముందే నిర్ణయించుకోవాలి.

అన్నిటికంటే నన్ను బాగా ముంచింది మాత్రం జవాబు చెప్పడం. చాన్నాళ్ళ కిందట ఒక కాల్‌లో అవతలి దేశం మనిషి "సో ద ఫైల్ హ్యాజెంట్ కమ్ యెట్?" అని అడిగాడు. ఫైల్ రాలేదు. నేను మనం అనుకునేట్టే "అవునండీ, రాలేదు" అనుకుని "యెస్" అన్నాను, నా దృష్టిలో ఆయన అన్నది నిజం అని ఒప్పుకున్నాను. ఆయన "గ్రేట్" అని ఫోన్ పెట్టేశాడు. పెట్టేశాక నాకు ఆ గ్రేట్ ఎందుకో అర్థం కాలేదు, నాలుగు గంటలు ఫైల్ కోసం చూస్తూ కూర్చున్నా, ఆయన అక్కడ నేను పని మొదలుపెట్టేశాననుకుని కూర్చున్నాడు. మనం అవును, కాదు అన్నవి అడిగిన మనిషి మాటకి జవాబుగా చెప్తాం, ఇంగ్లీషులో యెస్, నో అన్నవి జరిగిన సంగతికి అంటుకుని ఉంటాయి. వచ్చిందా, యెస్. రాలేదా, నో. ప్రశ్న ఎలా అడిగినా సరే. "హ్యాజెంట్ ఇట్ కమ్?" అంటే వచ్చుంటే "యెస్, ఇట్ హ్యాజ్", రాకపోతే "నో, ఇట్ హ్యాజెంట్". అప్పట్నుంచి నేను ఉట్టి యెస్, నో చెప్పడం మానేశాను, వెనక ఆ చిన్న తోక తగిలిస్తాను, ఒకవేళ యెస్ తప్పొచ్చినా తోక కాపాడుతుంది.

కదా అన్నది కూడా ఇక్కడే, మనకి అన్నిటికీ ఒకటే కదా, "వాడు రాలేదు కదా", దానికి "ఈజెంట్ ఇట్" అని అతికించేస్తాం. కాదనే వాక్యానికి తోక అవుననేలా ఉండాలి, "హి హ్యాజెంట్ కమ్, హ్యాజ్ హి?", "దే హ్యాడెంట్ కమ్, హ్యాడ్ దే?". ఇంతే.

వినేటప్పుడు ఇంకో ఇబ్బంది. బ్రిటిష్ వాళ్ళు "హీజ్ నాట్ కమ్" అంటారు, అందులో ఆ జ్ అన్నది హ్యాజ్. "హీజ్ నాట్ కమింగ్" అంటే ఆ జ్ ఈజ్. తేడా అంతా చివరి ఇంగ్‌లో ఉంది, అది మింగేస్తే వాడింకా రాలేదో అసలు రాడో తెలీదు. "హీడ్ నాట్ కమ్" అన్నది ఇంకా ఘోరం, అందులో డ్ హ్యాడ్ కావచ్చు, వుడ్ కావచ్చు, వేరే వెర్బ్ అయితే రూపాన్ని బట్టి పట్టేయొచ్చు, గో వస్తే వుడ్, గాన్ వస్తే హ్యాడ్, కానీ కమ్‌కి రెండూ ఒకటే, చుట్టూ ఉన్న మాటల్ని బట్టి ఊహించుకోవాల్సిందే. మీరు రాసేటప్పుడు హ్యాడెంట్ అని పూర్తిగా రాసేయండి, గొడవుండదు.

ఒక చిన్న పక్కదారి. 1611లో వచ్చిన కింగ్ జేమ్స్ బైబిల్లో, యోహాను సువార్త రెండో అధ్యాయంలో, "మైన్ అవర్ ఈజ్ నాట్ యెట్ కమ్" అని ఉంటుంది, నా సమయం ఇంకా రాలేదు అని. హ్యాజ్ కాదు, ఈజ్! అప్పట్లో కమ్, గో లాంటి కదిలే క్రియలకి హ్యావ్ బదులు బి వాడటం మామూలే. మన "రాలేదు"ని విడదీసి చూడండి, రా, లేదు. "ఇంట్లో లేదు" అనేటప్పటి లేదే అది కూడా. అంటే రాలేదులో కూడా లోపల కూర్చున్నది ఉండటానికి వ్యతిరేకమే, హ్యావ్ లాంటిదేం కాదు. నాలుగొందల ఏళ్ళ కిందట ఇంగ్లీషు నేర్చుకుని ఉంటే "ఈజ్ నాట్ కమ్" అని హాయిగా అనేసేవాళ్ళం అనిపిస్తుంది నాకు. ఇప్పుడు మాత్రం హ్యాజే.

ఇంకో హెచ్చరిక, వచ్చు అన్న ప్రతిచోటా కమ్ పెట్టకండి. మనకి నిద్రొస్తుంది, జ్వరమొస్తుంది, చదువొస్తుంది, మార్కులొస్తాయి, ఇంగ్లీషులో ఇవేవీ అలా నడిచి రావు. "రాత్రి నిద్ర రాలేదు" అంటే "ఐ కుడెంట్ స్లీప్ లాస్ట్ నైట్". "నాకు ఈత ఇంకా రాలేదు" అంటే "ఐ హ్యావెంట్ లర్న్‌డ్ టు స్విమ్ యెట్". మార్కులు రాలేదు అంటే గెట్. కరెంటు రాలేదు అన్నప్పుడు కమ్ నడుస్తుంది గానీ పక్కన బ్యాక్ కావాలి, "ద పవర్ హ్యాజెంట్ కమ్ బ్యాక్". అలాగే ఒక చోటికి ఎప్పుడూ రాలేదు అనేటప్పుడు, మీరు ఆ చోటులోనే నిలబడి ఉంటే, "ఐ హ్యావెంట్ కమ్ హియర్ బిఫోర్" కన్నా "ఐ హ్యావెంట్ బీన్ హియర్ బిఫోర్" సహజంగా ఉంటుంది, వచ్చి వెళ్ళిన అనుభవానికి బీన్ అనేది వాళ్ళ అలవాటు.

ప్రాక్టీసుకి పెద్ద సరంజామా ఏం అక్కర్లేదు, రోజుకి మనం ఎన్నిసార్లు రాలేదు అంటామో అన్నిసార్లు ఛాన్సే. అన్నప్పుడల్లా పక్క మాటని పట్టుకుని మనసులో ఇంగ్లీషు చేస్కోండి. కొన్ని నేను చేసి చూపిస్తా. "ఆర్డర్ పెట్టి వారమైంది, పార్సెల్ ఇంకా రాలేదు", తలుపు తెరిచే ఉంది, పైగా చిరాకు కూడా ఉంది, "ఇట్స్ బీన్ ఎ వీక్ సిన్స్ ఐ ఆర్డర్డ్ ఇట్, అండ్ ద పార్సెల్ స్టిల్ హ్యాజెంట్ కమ్". "మీటింగ్ మొదలయ్యేటప్పటికి సగం మంది రాలేదు", గతంలో ఒక గడియ, "హాఫ్ ఆఫ్ దెమ్ హ్యాడెంట్ కమ్ వెన్ ద మీటింగ్ స్టార్టెడ్". "పోయిన వారం మీటింగ్‌కి ఎవరూ రాలేదు", ఇందులో హ్యావూ లేదు నాటూ లేదు, పోయిన వారం తలుపు మూసేసింది, కాదనే పని నోబడీ చూసుకుంది, "నోబడీ కేమ్ టు లాస్ట్ వీక్స్ మీటింగ్". "మా చెల్లి రెండు వారాల నుంచి క్లాసుకి రావట్లేదు", "మై సిస్టర్ హ్యాజెంట్ బీన్ కమింగ్ టు క్లాస్ ఫర్ టూ వీక్స్". "ఇప్పుడు ఫోన్ చేసినా ఆయన వచ్చుండరు", ఊహ, "ఈవెన్ ఇఫ్ యూ కాల్ నౌ, హి వోంట్ హ్యావ్ కమ్ యెట్". చివరిది మీకే వదిలేస్తున్నా, "నేను రాలేదని వాడు నిన్న అందరికీ చెప్పాడట, నేను అప్పటికే వెనక వరసలో కూర్చునున్నా". ఇందులో రాలేదుకి ఏం పెట్టాలో చూడండి, "హి టోల్డ్ ఎవ్రీవన్ దట్ ఐ హ్యాడెంట్ కమ్" అని వచ్చిందంటే నిన్న అన్న మాట చూసి డిడెంట్ వైపు పరిగెత్తకుండా, వాడు చెప్పిన గడియ దగ్గర ఆగారన్నమాట.